చేతికి కట్టని కుంచె

చిత్రకళను గూర్చిన పుస్తకములలోను, ఉపన్యాసములలోను తరచుగ వినవచ్చు కథ యొకటి కలదు. ఫ్రాన్సు దేశపు సుప్రసిద్ధ చిత్రకారుడు ఒగూస్త్ రెన్వార్ వృద్ధాప్యమున కీళ్ళవ్యాధిచేత వేళ్ళు ముడుచుకొనిపోగా, కుంచెను గుడ్డపీలికలతో చేతికి కట్టించుకొని చిత్రములు వేసెనట. విన్నవారి మనస్సు కరుగును. ఉపాధ్యాయుడు దీనిని తరగతిలో చెప్పి, సంకల్పబలము గలవానికి అసాధ్యమన్నది లేదని ముగించుటకు చాల అనువైన కథ. అయితే దీనిలో రెండు చిక్కులు కలవు. మొదటిది, కుంచెను చేతికి కట్టుట నిజము కాదు. రెండవది, నిజముగ జరిగినదానిముందు ఈ కథ చాల పేలవమైనది.

ఇది నిజము కాదనుటకు కన్నులార చూడదగిన సాక్ష్యమే కలదు. 1915లో సాషా గీత్రీ యను నాటకకర్త తన కాలపు ఫ్రెంచి కళాకారులను చలనచిత్రముగ తీసెను. అందులో రెన్వార్ చిత్రము వేయుచున్న కొన్ని నిముషముల దృశ్యము కలదు. కుమారుడు క్లోడ్ ప్రక్కన నిలిచి కుంచె నందించును. వృద్ధుడు దానిని బొటనవ్రేలికిని, వంగిపోయిన తక్కిన వ్రేళ్ళకును నడుమ ఇరికించుకొని కాన్వాసుపై చురుకుగ కదలించును. ముంజేయి కదలును, భుజము కదలును, వ్రేళ్ళు మాత్రము కదలవు. కట్టు మాట నిజమే. అయితే అది కుంచె కొరకు కాదు. ముడుచుకొనిపోయిన అరచేతిలో చర్మము ఒరసికొని పుండు పడకుండుటకు పొడి చల్లి పలుచని గుడ్డను చుట్టెడివారు. దూరమునుండి చూచినవారు, ఛాయాచిత్రములలో చూచినవారు ఆ గుడ్డను కుంచె కట్టిన త్రాడుగ భావించి యుందురు.

ఈ సంగతిని స్పష్టముగ చెప్పినవాడు చిత్రకారుని రెండవ కుమారుడు, చలనచిత్ర దర్శకుడుగ ప్రసిద్ధికెక్కిన జాన్ రెన్వార్. 1962లో ఆయన తన తండ్రిని గూర్చి వ్రాసిన పుస్తకము నేటికిని ఈ విషయమున ముఖ్యాధారము. మొదటి ప్రపంచయుద్ధములో 1915లో జాన్ తొడకు గుండు తగిలెను; ఆ కుంటు జీవితాంతము ఆయనను వదలలేదు. ఆ దినములలో నడువలేని తండ్రియు, కుంటుచున్న కొడుకును ఎదురెదురుగ కూర్చుండి చేసిన సంభాషణలే ఈ గ్రంథమునకు మూలము. కనుకనే ఇందులో జాలిమాటలు తక్కువ. ఏ పని ఎట్లు జరిగెను, ఎవరు ఎత్తి కూర్చుండబెట్టిరి, ఎవరు రంగు తీసి పెట్టిరి అను వివరములు ఎక్కువ. గ్రంథమునకు ప్రాణము ఈ వివరములే.

అయినను దీనిని వైద్యచరిత్రగ చదువుట ప్రమాదము. తండ్రి వ్యాధికి 1897లో ఎస్వా గ్రామమున సైకిలుమీదనుండి పడుటయే ఆరంభమైనట్లు జాన్ కథను నడిపించును. వాన కురిసిన బాట, జారిన సైకిలు, విరిగిన కుడిచేయి, ఆ తరువాత భుజములో నొప్పి, అటుపిమ్మట మిగిలిన కథ అంతయు. కథకు ఇట్టి ప్రారంభము కావలెను. వ్యాధికి అక్కరలేదు. రెన్వార్ వ్యాధిని పరిశీలించిన వైద్యులు ఆయన లేఖలను, ఛాయాచిత్రములను వరుసగ పేర్చి చూచి, మొదటి లక్షణములు 1892 ప్రాంతముననే, అనగా ఆయన యేబదియేండ్లు దాటిన కాలముననే కనబడినవని చెప్పుచున్నారు. అప్పటికి జాన్ ఇంకను పుట్టలేదు. ఆయన జననము 1894లో. తాను చూడని కాలమును గూర్చి కుటుంబములో చెప్పుకొనిన మాటలనే ఆయన వ్రాసెను. మన యిండ్లలోను ఇదే జరుగును. ‘ఆనాడు నూతిగట్టుపై జారిపడినది మొదలు మా అత్తయ్యకు కీళ్ళనొప్పులు పట్టుకొన్నవి’ అనెడి మాటను విననివారు అరుదు. పడిన దినము గుర్తుండును. మెల్లగ వచ్చిన వ్యాధికి తేదీ లేదు.

రెన్వార్‌కు వచ్చిన వ్యాధిని రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అందురు. 1800లో లాంద్రె బోవె యను ఫ్రెంచి వైద్యుడు తన సిద్ధాంతవ్యాసములో దీనిని వర్ణించెను. ఇప్పటి పేరును 1859లో ఇంగ్లండు వైద్యుడు గారడ్ పెట్టెను. వయస్సు మీరుటచేత కీలు అరిగి వచ్చు నొప్పి వేరు, ఇది వేరు. శరీరమును రోగక్రిములనుండి కాపాడవలసిన రక్షణవ్యవస్థయే ఇందులో దారితప్పి, కీళ్ళలోపలి పలుచని పొరపై దాడి చేయును. ఆ పొర వాచి, దళసరియై, పెరిగి, ప్రక్కనున్న మృదులాస్థిని, ఎముకను కొరికివేయును. కీలును నిలబెట్టు స్నాయువులు సాగిపోవును. వ్రేళ్ళు చిటికెనవ్రేలి వైపునకు ఒరిగిపోవును. సాధారణముగ రెండు చేతులును ఒకే తీరుగ చెడును. ప్రొద్దున లేచునప్పటికి కీళ్ళు బిగిసిపోయి, గంటయో అంతకు మించియో గడచినగాని సడలవు. ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క ప్రకారము 2019లో ప్రపంచమున ఒక కోటి ఎనుబది లక్షలమందికి ఈ వ్యాధి ఉన్నది. వారిలో నూటికి డెబ్బదిమంది స్త్రీలు. చేతికి కుంచె కట్టుకొన్న పురుషుడే ఈ వ్యాధికి గుర్తుగ నిలిచిపోవుట ఒక విచిత్రము.

ఆనాటి వైద్యుల వద్ద ఈ వ్యాధిని అడ్డగించు మందు ఏదియు లేదు. జ్వరమును, నొప్పిని కొంత తగ్గించు యాంటిపైరిన్ ఉండెను. ఆస్పిరిన్ 1899లో అంగడికి వచ్చెను. వేడినీటి ఊటలలో స్నానములుండెను. ఇంతే. రెన్వార్ చనిపోయిన ఇరువది తొమ్మిది సంవత్సరములకు, 1948లో, అమెరికాలో ఫిలిప్ హెంచ్ ఒక రోగికి కార్టిసోన్ ఇచ్చి ఆశ్చర్యకరమైన ఫలితమును చూచెను. 1950లో అందులకు నోబెల్ బహుమానము లభించెను. అయితే దాని దుష్ఫలితములు కొలదికాలములోనే బయటపడెను. నేడు ఈ వ్యాధికి మూలస్తంభమనదగిన మందు మెథోట్రెక్సేట్. దీని కథలో తెలుగువారికి కొంత భాగము కలదు. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ పరిశోధనశాలలో నడపిన బృందము అమినోప్టెరిన్ యను పదార్థమును తయారుచేసెను. 1948లో దానిని పిల్లల రక్తపు క్యాన్సరుకు వాడిరి. 1951లో కీళ్ళవ్యాధి రోగులకు వాడి చూచిరి. దాని సోదరద్రవ్యమే మెథోట్రెక్సేట్. కీళ్ళవ్యాధికి అమెరికా ప్రభుత్వపు అనుమతి 1988లో లభించెను. దీనిని కీళ్ళకు వారమునకు ఒకమారు మాత్రమే వాడుదురు. పొరపాటున ప్రతిదినము మ్రింగినవారు ప్రాణాపాయమున పడుదురు. 1998 నుండి వచ్చిన క్రొత్తరకపు మందులు వాపును పుట్టించు ఒక్కొక్క రసాయనమును గురిపెట్టి ఆపును. వ్యాధి వచ్చిన తొలి నెలలలోనే మందు మొదలుపెట్టిన యెడల రెన్వార్ చేతులవంటి చేతులు నేడు చాలవరకు ఏర్పడవు. వీరగాథగ చెప్పబడుచున్నది వాస్తవముగ చికిత్స లేని కాలపు దుఃఖమని దీనివలన తేలుచున్నది.

ఇక నొప్పి మాట. రెన్వార్ కథ చెప్పువారు మరియొక మాటను తప్పక చేర్చుదురు. ఇంత బాధలో ఎందుకు చిత్రించెదరని యువచిత్రకారుడు మాతిస్ అడుగగా, నొప్పి గతించును, అందము నిలుచును అను అర్థము వచ్చునట్లు రెన్వార్ బదులు చెప్పెనట. మాతిస్ ఆయనను చూడబోయినది 1917 డిసెంబరు చివరిదినమున. మాట అందమైనది. కాని దీనిని గోడపై వ్రాసి పెట్టువారు ఒక్క ప్రశ్న వేసికొనవలెను. రెన్వార్‌కు నొప్పి ఎప్పుడు గతించెను? 1919 డిసెంబరు 3న, ఆయనతోపాటు. పంటినొప్పివలె వచ్చి పోవునది ఒకటి. మూడు నెలలకు మించి నిలిచి, నాడీవ్యవస్థనే మార్చివేయునది మరియొకటి. కీలు వాచినపుడు అచ్చట పుట్టు రసాయనములు నాడుల కొనలను సున్నితము చేయును. ఇట్లు యేండ్లతరబడి వార్తలు పోవుచుండుటచేత వెన్నుపాములోని కణములుకూడ చిన్న వార్తకే పెద్దగ స్పందించుటకు అలవాటు పడును. అప్పుడు తలుపు తట్టినంత మాత్రముననే ఇల్లంతయు ఉలికిపడినట్లుండును. కనుకనే నేటి మందులతో వాపు పూర్తిగ అణగిన తరువాతకూడ కొందరికి నొప్పి మిగిలియుండును. రక్తపరీక్ష బాగున్నది, ఎక్సురే బాగున్నది, అయినను రోగి నొప్పి యనును. ఇట్టివారిని చూచి ఇంటివారు, ఒక్కొక్కప్పుడు వైద్యులును, ‘అంతయు మనస్సులోనిది’ అందురు. ఆ నొప్పి మనస్సులోనిది కాదు, నాడులలోనిది.

వంకరపోయిన చేయి కనబడును. నొప్పి కనబడదు. కుంచె కట్టిన కథ కనబడుదానినే పట్టుకొన్నది. జాన్ గ్రంథమున దీనికి సరియైన జవాబువంటి ఘట్టము కలదు. 1912 ప్రాంతమున, అప్పటికే చక్రాల కుర్చీకి పరిమితుడైన రెన్వార్‌ను చూచుటకు ఒక వైద్యుడు వచ్చి, తాను మరల నడిపించెదనని పలికెను. కొన్ని వారములు బలమైన ఆహారము, వ్యాయామము. పిమ్మట రోగిని లేవనెత్తి నిలబెట్టెను. రెన్వార్ నిజముగనే కొన్ని అడుగులు వేసెను, ఈజిల్ చుట్టు తిరిగివచ్చెను, కుర్చీని చేరి కూర్చుండెను. నడచుటకు తన శక్తి యంతయు ఖర్చగుచున్నదని, చిత్రించుటకు ఏమియు మిగులదని, రెంటిలో ఒకటి కోరుకొనవలసివచ్చిన చిత్రించుటయే కోరుకొందునని చెప్పెనట. మరల ఆయన ఎన్నడును నడువలేదు.

ఈ ఘట్టమును సంకల్పబలపు కథగ చెప్పుట కష్టము. ఏలనగా ఇందులోని వీరుడు ఒక పనిని విడిచిపెట్టుచున్నాడు. దీర్ఘకాలపు నొప్పితో బ్రతుకువారు ప్రతిదినము చేయు లెక్క ఇదియే. నేడు బజారుకు పోయిన యెడల రాత్రి వంట చేయలేము. నీళ్ళు తోడిన యెడల బట్టలు ఉతకలేము. బయటివారికి ఇది సోమరితనముగ తోచును. ప్రొద్దున నవ్వుచు కనబడిన మనిషి సాయంకాలము లేవలేకపోయిన, ప్రొద్దుటిది నిజమా సాయంకాలపుది నిజమా అని అనుమానింతురు. రెండును నిజమే.

విడిచిపెట్టగా మిగిలిన శక్తిని రెన్వార్ వినియోగించుకొనిన తీరు ఆసక్తికరమైనది. చేతులు పూర్తిగ చెడకముందు ప్రతి ఉదయము బంతులు ఎగురవేసి పట్టుకొనుచు వ్రేళ్ళకు పని కల్పించెడివాడు. రంగుల పలకను చేతితో పట్టుకొనలేనప్పుడు మోకాళ్ళపై నిలుపుకొనెను. పెద్ద చిత్రములకు కుర్చీలోనుండి చేయి అందదు. కనుక కాన్వాసును అడ్డుగా నున్న గుండ్రని దూలములపై చుట్టి, పిడి త్రిప్పిన అది పైకి క్రిందికి జరుగునట్లు ఏర్పాటు చేయించెను. సాలెవాని మగ్గముపై నేసిన గుడ్డను దోనెకు చుట్టినట్లే. చేయి చిత్రమువద్దకు పోలేనప్పుడు చిత్రమే చేతివద్దకు వచ్చెను. వైకల్యమన్నది దేహములో ఎంత కలదో, దేహమునకును చుట్టునున్న వస్తువులకును నడుమ అంత కలదని గ్రంథములు చదివి నేర్చుకొనుట కంటె ఈ మరను ఒక్కమారు చూచిన చాలును.

నేటి వైద్యులు వైకల్యమును కొలుచుటకు ఒక ప్రశ్నావళిని వాడుదురు. 1980లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున జేమ్స్ ఫ్రైస్, ఆయన సహచరులు దీనిని కూర్చిరి. బట్టలు కట్టుకొనుట, లేచుట, తినుట, నడచుట, శరీరశుద్ధి, చేయి చాచుట, పట్టు, ఇంటిపనులు అని ఎనిమిది భాగములు, ఇరువది ప్రశ్నలు. కష్టము లేనిచో సున్న, చేయలేనిచో మూడు. ఇది మంచి సాధనమే. ఎక్సురే చెప్పలేని సంగతిని రోగి నోటితో చెప్పించును. అయినను దీనిలో ఆలోచింపదగిన నియమ మొకటి కలదు. ఒక పనికి పరికరమునో, మరియొకరి సాయమునో వాడిన యెడల ఆ భాగమునకు మార్కు రెండుకు పెంచుదురు. అనగా సాయము వాడుట వైకల్యపు గుర్తు. వ్యాధి తీవ్రతను కొలుచు వైద్యునకు ఇది న్యాయమే. కాని జీవితమును కొలుచునపుడు తలక్రిందులగును. ఊతకర్ర దొరికినవాడు దొరకనివానికంటె అధిక వికలాంగు డగును. భారతదేశపు వైద్యులు దీనిని మన జీవనమునకు తగినట్లు సవరించి, నేలపై బాసింపట్టు వేసికొని కూర్చుండుట వంటి పనులను చేర్చిరి. పడమటి ప్రశ్నావళికి ఆ ప్రశ్న తోచకపోవుటలో వింత లేదు. వారికి నేలతో అంత పని లేదు.

చిత్రములను గూర్చి కూడ విచారింపవలెను. చివరి పదేండ్లలో రెన్వార్ వేసిన స్త్రీమూర్తులు లావుగ, ఎర్రగ, గుండ్రముగ ఉండును. అమెరికా చిత్రకారిణి మేరీ కసాట్ 1913లో ఒక లేఖలో వీటిని చిన్న తలల, మిక్కిలి లావైన ఎర్రని ఆడువారని ఈసడించెను. ఆమె కన్నులుకూడ అప్పటికి పొరలు కమ్మి చెడుచుండెను. చేతులు వాచినవి కనుక బొమ్మలు వాచినవని, వ్రేళ్ళు కదలవు కనుక గీతలు మెత్తబడినవని కొందరు సులువుగ తేల్చుదురు. కాలక్రమము దీనికి సరిపడదు. 1884 నుండి 1887 వరకు శ్రమించిన పెద్ద స్నానచిత్రములో రెన్వార్ గీత కత్తివలె పదునుగ ఉండెను. ఆ పదునును ఆయన వ్యాధి ముదురుటకు పూర్వమే తనంతట తాను విడిచిపెట్టెను. నిండైన దేహములు ఆయనకు రూబెన్స్, టిషన్ మున్నగు పాత గురువులనుండి వచ్చిన ఆస్తి. చివరి పెద్ద చిత్రము, 1918–1919లో వేసిన స్నానస్త్రీలు, ఇప్పుడు పారిస్‌లోని ఓర్సే ప్రదర్శనశాలలో కలదు. ముగ్గురు కుమారులు 1923లో ప్రభుత్వమునకు ఇచ్చిరి. వెడల్పు 160 సెంటిమీటర్లు. దానియందు వ్యాధి జాడ వెదకదలచినవారు బొమ్మల లావులో గాక, పొట్టిపొట్టిగ ఒకదాని ప్రక్కన ఒకటి పడిన కుంచెదెబ్బలలో వెదకవలెను. అచ్చట చేయి ఏమి చేయగలదో తెలిసినవాని పొదుపు కనబడును. చిత్రము గొప్పదా యన్న, అంత గొప్పది కాదనుటకును వీలు కలదు. నొప్పితో వేసెను గనుక గొప్పదనుట మాత్రము చిత్రకారునకు గౌరవము కాదు.

కట్టిన కుంచె కథ పూర్తిగ కప్పిపుచ్చిన మనిషి ఒకడు కలడు. పేరు రిషార్ గీనో. స్పెయినులోని కతలాన్ ప్రాంతమువాడు, శిల్పి మయోల్ వద్ద పనిచేసినవాడు. చిత్రములు అమ్ము వ్యాపారి వొల్లార్ ప్రోద్బలముచే 1913 నుండి 1918 వరకు గీనో చేతులతో రెన్వార్ శిల్పములు తయారయ్యెను. వృద్ధుడు కుర్చీలో కూర్చుండి పుల్లతో చూపుచుండెను. యువకుడు మట్టిని మలచుచుండెను. ‘విజయవీనస్’ మొదలగునవి ఇట్లు పుట్టినవే. అన్నియు రెన్వార్ పేరుతోనే లోకమునకు తెలిసెను. చివరకు గీనో న్యాయస్థానమును ఆశ్రయింపగా, 1973లో ఫ్రాన్సు ఉన్నతతమ న్యాయస్థానము అతడు సహకర్త యని తీర్పును స్థిరపరచెను. కుంచె నందించిన క్లోడ్ చేయి ఒక రకపు సాయము. గీనో చేయి మరియొక రకము. మొదటిది మరియొకని పనిని జరుగనిచ్చినది. రెండవది తానే పనిలో పాలుపంచుకొన్నది. ఏకాకి వీరుని కథలో ఈ రెండు చేతులకును చోటు లేదు.

ఈ భేదము పాఠశాలకు సంబంధించినదే. పదునారేండ్ల లోపు పిల్లలకును కీళ్ళవ్యాధి వచ్చును. మూడు గంటల పరీక్షలో ఆ పిల్లవాడు మొదటి గంట బాగుగ వ్రాసి, తరువాత వ్రాయలేకపోవచ్చును. తెలియని ఉపాధ్యాయునకు అది తయారు లేకపోవుటగ కనబడును. భారత ప్రభుత్వము 2018లో వెలువరించిన సూచనలలో, అర్హులైన వికలాంగ విద్యార్థులకు గంటకు ఇరువది నిముషములకు తక్కువ గాకుండ అదనపు కాలమును, వ్రాసిపెట్టు లేఖకుని ఏర్పాటును చెప్పిరి. కాని 2016 చట్టము లెక్కించిన ఇరువదియొక్క వైకల్యములలో దీర్ఘకాలపు నొప్పికి ప్రత్యేకస్థానము లేదు. నలుబది శాతమను గీత దాటినవారికే ధ్రువపత్రము విలువ. 2021 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు ఒక తీర్పులో, వ్రాయుటలో నిజమైన ఇబ్బంది యున్నవారికి నలుబది శాతము లేదను కారణముచే లేఖకుని నిరాకరింపరాదని చెప్పెను. తీర్పు వచ్చినది. అది ఉన్నదని తెలిసిన ఉపాధ్యాయులు ఎందరో, పిల్లవాడు అడిగిననాడు తెలియును. లేఖకుడు క్లోడ్‌వంటివాడు, గీనోవంటివాడు కాడు. పిల్లవాని జవాబు పిల్లవానిదే. లేఖకుని చూచి ‘వీనికి సులువు’ అని అనుకొనువారికి ఈ ఒక్క ముక్క చెప్పవలసి యుండును.

రెన్వార్ తన చివరి సంవత్సరములను గడిపిన ఇల్లు ఫ్రాన్సు దక్షిణతీరమున కాన్యు పట్టణములో, ఓలివు చెట్ల నడుమ కలదు. ఆ తోటను ఆయన 1907లో కొనెను. 1960లో ఊరి పురపాలకసంఘము దానిని తీసికొని ప్రదర్శనశాలగ మార్చెను. చిత్రశాలలో ఆయన చక్రాల కుర్చీని, ఈజిల్‌ను నేటికిని చూడవచ్చును.